ఈగ కంటిలో ఏడోవాడు

కోయిలకుంట్ల బస్టాండు ఎదురుగా దావీదురాజు టీ అంగడి, దాని పక్కనే జిలాని బాషా పండ్ల అంగడి. రెండింటికీ నడుమ నాలుగు ఇటుకల మీద పరిచిన ఒక నాపబండ. పద్నాలుగేళ్లుగా రోజూ మధ్యాహ్నం మూడింటికి వచ్చి ఆ బండ మీద కూర్చునే మనిషి పుల్లన్న సారు. కర్నూలులో ఒక కాలేజీలో జువాలజీ డెమాన్‌స్ట్రేటరుగా పనిచేసి రిటైరయ్యాడు. కప్పలను కోసింది జీతం కోసం. మిగతా కోతలన్నీ ఉచితం. కుందూ నదికి వరద వచ్చినప్పుడు గొడుగు తిరగేసి అందులో కూర్చుని అవతలి గట్టు చేరానంటాడు. నల్లమలలో ఎలుగుబంటి తన టిఫిను క్యారియరు మోసుకుంటూ బస్సు దాకా సాగనంపిందంటాడు. ఆ క్యారియరులో ఏముందని అడిగితే ఆ కథ ఇంకో గంట. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు, దావీదురాజుకు నాలుగు టీలు ఎక్కువ అమ్ముడుపోయేవి కూడా. అందుకే అడ్డం చెప్పేవాళ్లు లేరు.

ఆ శనివారం మాత్రం ఆయన పని మీద వచ్చాడు. అలా రావడం ఆయనకు కొత్త.

జిలాని బాషా కూతురు ముబీనా జువాలజీలో ఎమ్మెస్సీ చేసింది. బెంగళూరులో ఒక పెద్ద పరిశోధన సంస్థ వాళ్లు ఆమెకు పీహెచ్‌డీ సీటిచ్చారు. వస్తానో రానో ఆ సాయంత్రం అయిదు లోపల ఫోనులో బటన్ నొక్కి చెప్పాలి. దాటితే సీటు వేరేవాళ్లకు. ఇంతకీ ఆమె చదవబోయేది పండ్ల ఈగ గురించి. చిక్కంతా అక్కడే వచ్చింది. జిలాని బాషా ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని ఏమిటంటే, పండ్లు అమ్మడం అని ఊరు అనుకుంటుంది గానీ, నిజానికి ఈగలు తోలడం. అరటి గెలల మీద తడిగుడ్డ, బొప్పాయిల మీద వల, పొద్దునొకసారి మాపొకసారి సాంబ్రాణి పొగ, చేతిలో ఎప్పుడూ ఒక పాత తువ్వాలు. "నాయన జీవితమంతా తోల్తాండేదాన్ని కూతురు పోయి పెంచుతాదంటనా? ఈ బజార్లో నేను తలెత్తుకోని తిరగాల్నా వద్దా?" అని మూడు రోజులుగా అదే మాట. ముబీనా చెప్పబోయినప్పుడల్లా 'ఈగ' అనే ముక్క దగ్గరే ఆయన చెవులు మూసుకునేవాడు. నంద్యాలలో బీఈడీ చేసి టీచరు కమ్మంటాడు.

అందుకని ఆ పిల్ల పొద్దున్నే పుల్లన్న సారు ఇంటికి పోయింది. "నాయన మీ మాటైతే వింటాడు సార్. ఈగల పని తెలిసినోళ్లు ఈ ఊర్లో మీరొక్కరే. కానీ ఉన్నదే చెప్పండి సార్. ఏమీ కలపొద్దు."

"ఉన్నదే చెప్తా పాపా. నా మాట నమ్ము," అన్నాడు పుల్లన్న. ఉన్నది ఉన్నట్టు చెప్పి తనకు అలవాటు లేదన్న సంగతి ఆ క్షణంలో ఆయనకు తోచలేదు.

మూడు దాటింది. ముబీనా అరటి గెలల వెనక స్టూలు మీద ఫోను పట్టుకుని కూర్చుంది. అవుకు దగ్గర కొర్ర పండించే గోపన్న యూరియా సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని బస్సు కోసం కాచుకుని ఉన్నాడు. జిలాని బాషా నీలం రకం మామిడిపండ్ల మీద తువ్వాలు ఆడిస్తున్నాడు. పుల్లన్న సారు టీ ఒక గుటక వేసి గొంతు సవరించుకున్నాడు.

"జిలానీ, నీ అంగట్లో ఎన్ని రకాల ఈగలుండాయో ఎప్పుడన్నా చూసినావా?"

"చూసేదేముంది సారూ, కొట్టేదే."

"పెద్ద ఈగ సంగతి విడిచిపెట్టు. మాగిన అరటిపండు మింద లేస్తాదే, నువ్వుగింజంత, ఎర్ర కండ్లది, ఆ ఈగ. అదే నన్ను మనిషిని చేసింది. నేను కర్నూలు కాలేజీలో ఉండంగ, బెంగళూరు నుంచి ఒక ప్రొఫెసరు ఆర్నెల్లకని వచ్చినాడు, ఆరు గాజు సీసాల నిండా ఆ ఈగలే, మూతులకు దూది. మే నెల. నలభై నాలుగు డిగ్రీల ఎండ. ఆ ఈగకు ఇరవై అయిదైతే సుఖం, ముప్పై దాటిందంటే మగ ఈగ సంసారానికి పనికిరాదు. ఇది నేను చెప్పేది కాదు, పుస్తకంలో ఉండాది."

"మరి నలభై నాలుగులో కర్నూల్లో ఇంతమంది జనం యాడినుంచి వచ్చిరి సారూ?" అన్నాడు గోపన్న.

"అది వేరే పరిశోధన, అడ్డం రావద్దు. ఒక పొద్దు కరెంటు పాయె. ఫ్యాను లేదు, కూలరు లేదు. ప్రొఫెసరు తలకాయ పట్టుకోని మెట్ల మింద కూలబడె. ఆరు సీసాలూ పోతే అయిదేండ్ల పని పోయినట్లే. నేనేం చేస్తినో తెల్సా? సీసాలన్నీ ఒక బొక్కెనలో పెట్టి, తాడు కట్టి, కాలేజీ వెనకాల బాయిలోకి దించితి. నీళ్లకు మూరెడు పైన నిలబెడితి. తాడు కొన నా కాలికి కట్టుకోని గట్టు మింద పడుకుంటి, మూడు దినాలు. నాలుగో దినం పైకి తీస్తే ఒక్క ఈగ చావలే!"

ఇంతవరకు బాగానే ఉంది. ఆ కాలేజీ వెనక బావి ఉన్న మాట నిజం. సీసాలు ఎవరో ఒకరు దించే ఉంటారు. కాలికి తాడు అనేది కథకు పెట్టిన తాలింపు. ఆ మాత్రం లేకపోతే గొంతు దిగదు.

"ఈగల పనంటే తమాషా కాదప్పా," అని పుల్లన్న సారు కొనసాగించాడు. "ఏ ఆడ ఈగకు ఏ మగ ఈగతో జత కలపాల్నో ముందే రాసి పెట్టుకుంటారు. ఆడ ఈగ గూటిలోంచి బయటపడిన ఎనిమిది గంటల లోపల దాన్ని పక్కకు తియ్యాల. లేటైతే ఎవడో ఒకడు తగులుకుంటాడు, పుట్టే పిల్లలు ఎవరి పిల్లలో తెల్దు, చేసిన పనంతా బూడిదలో పోసినట్లు."

జిలాని బాషా తువ్వాలు ఒక్క క్షణం ఆగింది. "అది మాత్రం మర్యాద గల చదువే," అన్నాడు.

"ఆ! పొద్దున నాలుగుకే లెయ్యాల. మత్తు వాసన చూపిస్తే ఈగలు పడుకుంటాయి. తెల్ల పలక మింద పోసి, కుంచె కొనతో ఆడవి ఈపక్క, మగవి ఆపక్క, మన ఆడోళ్లు బియ్యంలో రాళ్లు ఏరినట్ల. ప్రొఫెసరు గంటకు రెండు నూర్లు ఏరేవాడు. నేను రెండు వేలు. ఆ తర్వాత కుంచె గూడా పారేస్తి. వంగి నా మీసం కొనతోనే ఏరేది."

"మీకు మీసం యాడిది సారూ?" అన్నాడు దావీదురాజు, టీ వడగడుతూ.

"ఆ మత్తు మందుకే రాలిపాయె."

గెలల వెనక నుంచి ముబీనా దగ్గింది. దగ్గు రాక దగ్గిన దగ్గు. పుల్లన్న సారుకు మాట ఇచ్చింది గుర్తొచ్చింది. ఒకసారి బండ మీద సర్దుకుని, గొంతు తగ్గించాడు.

"జిలానీ, ఆ ఈగ కన్ను ఎప్పుడన్నా చూసినావా? పైకి ఎర్ర చుక్క. భూతద్దం కింద పెడితే దానిమ్మకాయ పగలగొట్టినట్ల ఉంటాది. గింజ పక్కన గింజ, వరస తప్పదు. దగ్గర దగ్గర ఎనిమిది నూర్ల గింజలు. ఒక్కో గింజ ఒక ఇల్లనుకో. ఇంటికి ఎనిమిది మంది, వాళ్ల పని చూసేది. అందరూ ఒక్కసారే తయారు కారు. ఎనిమిదోవాడే అందరికంటే ముందు కుదురుకోనుంటాడు. ఏడోవాడు ఆఖరు. వాడింకా ఏమీ కాలేదు, ఏ పని చేస్తాడో వానికే తెల్దు. అప్పుడు ఎనిమిదోవాడు వాణ్ని పిలుస్తాడు."

"ఎట్ల పిలుస్తాడు?" అన్నాడు జిలాని బాషా.

"తాకి పిలుస్తాడు. ఆ పిలుపును ఏడోవాని వాకిట్లో నిలబడినవాడు అందుకుంటాడు. వాకిట్లోవాడు నడవలోవానికి చెప్తాడు, నడవలోవాడు నడిమింట్లోవానికి, వాడు ఇంకొకనికి, అట్ల పోయి పోయి లోపలింట్లో ఉండే పెద్దాయనకు చేరతాది. పెద్దాయన అన్నీ విని, 'నాయనా, నువ్వు చూసేవాడివి పో' అంటాడు. అప్పుడు వాడు ఏడోవాడైతాడు."

"మాట చేరకపోతే?"

"చేరకపోతే వాడు చూసే పనికి రాడు. కంటికి అద్దం తయారు చేసే పనికి పోతాడు. పైకి కన్ను కన్నుగానే ఉంటాది. కానీ ఏడోవాడు లేని ఈగకు ఒక వెలుతురు కనపడదు. ఊదారంగుకు అవతల ఉంటాది ఆ వెలుతురు, మన కండ్లకూ కనపడదు. గొట్టానికి ఒక కొన ఆ దీపం, ఇంకో కొన మామూలు దీపం పెట్టి ఈగల్ని వదిల్తే, మంచి ఈగ ఆపక్కకు ఉరుకుతాది, ఏడోవాడు లేనిది ఈపక్కకు వస్తాది."

జిలాని బాషా తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. "అంటే నడుమ ఒక్కని దగ్గర మాట ఆగిపోతే, ఆఖరున మనిషి మనిషే మారిపాయె."

"అదే చదువప్పా! ఆ దారిలో ఎవరెవరు నిలబడినారో ఎవరికీ కనపడరు. ఎట్ల కనుక్కోవాల? ఇంట్లో ఒకన్ని ఊరికి పంపిచ్చి, మాట చేరిందా లేదా అని కన్ను చూస్తారు. చేరలేదంటే వాడు దారిలో ఉన్నోడే. చేరిందంటే వాడు కాదు, ఇంకొకన్ని పంపు. అట్ల ఒక్కొక్కన్ని. నీ కూతురు పోయేది ఈగల్ని మేపేదానికి కాదు. మాట యాడ తెగిందో వెతికేదానికి."

అవుకు బస్సు వచ్చింది, నిలబడింది, పోయింది. గోపన్న లేవనేలేదు. గెలల సందులోంచి ముబీనా మొహం సగం కనిపిస్తోంది, ఆ సగమే పుల్లన్న సారుకు చాలినంత మెప్పు. జిలాని బాషా గల్లా దగ్గర కూర్చుని ఒక నీలం పండును అటూ ఇటూ తిప్పుతూ ఆలోచిస్తున్నాడు. నాలుగు గంటల పది నిమిషాలు. ఆ మనిషి నోటి నుంచి 'సరే' అనే మాట బయలుదేరి నడవ దాకా వచ్చిందని చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

పుల్లన్న సారు అక్కడ ఊరికే కూర్చోవలసింది. కానీ పక్కన నలుగురు నోళ్లు తెరుచుకుని కూర్చుని ఉంటే, ఆ నిశ్శబ్దాన్ని అట్లే వదిలేయడం ఆయన పుట్టాక ఎన్నడూ చేసిన పని కాదు.

"ఆ తర్వాత ఏమైందో తెల్సా?" అన్నాడు.

ముబీనా దగ్గింది. ఈసారి ఆయనకు వినపడలేదు.

"ప్రొఫెసరుకు ఏడోవాడు లేని ఈగ ఒకటి దొరికె. దారిలో దొంగ ఎవడు? వాకిట్లోవాడా, నడవలోవాడా? నాలుగు నెలలు వెతికి, 'పుల్లన్నా, ఇంక నీదే భారం' అని నా చేతిలో పెట్టె. నేను ఆ ఈగను చెవి దగ్గర పెట్టుకుంటి. ఊపిరి బిగబట్టి వింటి. ఎనిమిదోవాడు పిలుస్తాండాడప్పా! నా చెవులకు వినపడతాండాది!"

"తెలుగులోనా?" అన్నాడు గోపన్న.

"బెంగళూరు ఈగ గదా, కన్నడంలో. 'బారప్పా, బారప్పా' అని, అంటే 'రాప్పా' అని. వాకిట్లోవాడు వినె. నడవలోవాడు వినె. నడిమింట్లోవాడు గుర్రు పెట్టి నిద్రపోతాండాడు! అప్పుడు నేను ఒక సూదిని నాపబండ మింద రాత్రింబగళ్లు నూరి, వెంట్రుకలో నూరోవంతు చేసి, వాని డొక్కలో ఒక్క పోటు పొడిస్తి. లేచె. లేచినాడు గానీ కోపంగా లేచె. ఒక్కసారి చెప్పాల్సిన మాట ఆపకుండా అరవబట్టె. అరిస్తే ఏమైతాది? కన్ను పెరగబట్టె. నువ్వుగింజంత ఈగకు శనగగింజంత కన్ను. అంత కంటికి తల చాలదు గదా, తల పెరిగె. తలకు తగిన ఒళ్లు, ఒంటికి తగిన రెక్కలు. వారానికి పిచ్చుకంత. పదైదు దినాలకు పావురమంత. సీసా పగిలిపాయె, ఇంక యాడ పెట్టేది, నా ఇంటికి తెచ్చి పంచె అంచు చింపి కాలికి కట్టి, మంచం కోడుకు కట్టేసి పడుకుంటి. తెల్లారి చూస్తే మంచం లేదు!"

"ఎత్తుకోని పాయెనా?" అన్నాడు దావీదురాజు. "మరి మీరు యాడ పడుకోనుండిరి?"

"మంచం మిందనే!"

గోపన్న యూరియా సంచీ మీద వాలి నవ్వాడు. పుల్లన్న సారు లేచి నిలబడి రెండు చేతులూ రెక్కల్లా చాచాడు.

"ఓర్వకల్లు రాళ్ల మింద పోతాండా, నంద్యాల ఊరి మింద పోతాండా, కింద చూస్తే కోయిలకుంట్ల బస్సు. డ్రైవరు తల బయట పెట్టి 'సారూ, కొంచెం సైడియ్యండి' అంటాడు. ఈగకు ఆకలై అవుకు దగ్గర దిగె. కళ్లంలో కొర్రలు రాశి పోసి ఉండాయి, గాలి లేక తూర్పారబట్టకుండ కూర్చోనుండారు రైతులు. ఇది రెక్క ఒక్కసారి విదిల్చె, పొట్టు పోయి కడప జిల్లాలో పడె, గింజ ఈడ కుప్పగా నిలిచె. గోపన్నా, అది మీ నాయన కళ్లమే."

"మా నాయన ఎప్పుడూ చెప్పలే సారూ."

"ఎట్ల చెప్తాడు? ఈగకు ఒక అరటి గెల ఇస్తానని ఇయ్యకపాయె గదా!"

జిలాని బాషా కూడా నవ్వాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వి, కళ్లు తుడుచుకుని, భుజం మీది తువ్వాలు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "అంత ఈగ నా అంగడికొస్తే నా గతేమి సారూ! ఉండే ఈగలతోనే చస్తాండా. అట్లాంటివాటిని పెంచేదానికా నా కూతుర్ని పంపమంటావు? బాగా చెప్తివి పో!" అని, ఠప్పున ఒక నీలం పండు మీద కొట్టాడు.

నడవ దాకా వచ్చిన 'సరే' వెనక్కి పోయింది. పుల్లన్న సారు చాచిన చేతులు చాచినట్టే ఉండిపోయాయి. నాలుగున్నర దాటింది. గెలల సందులో ముబీనా మొహం కనిపించడం లేదు. ఆయన తన నోటితో నిలబెట్టిందాన్ని తన నోటితోనే కూల్చాడు. మళ్లీ నిలబెట్టడానికి ఆయన దగ్గరున్న పనిముట్టు కూడా ఆ నోరు ఒక్కటే.

"నవ్వు ఆపు జిలానీ," అన్నాడు కూర్చుంటూ. "నడిమింట్లో ఆపకుండా అరిచేవాడు ఈగలోనే కాదు. నీలో ఉండాడు, నాలో ఉండాడు. ఈగలో వాడు చేసే పనే మనలోనూ చేస్తాడు. మనిషిలో వాడు ఆపకుండా అరిస్తే ఏమైతాదో తెల్సా? గడ్డ పుడతాది."

తువ్వాలు ఆగింది.

జిలాని బాషాకు ఒక అక్క ఉంది, షమా. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమే. పోయిన ఏడాది ఆమెకు రొమ్ములో గడ్డ తీశారు. మూడు వారాలకొకసారి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయి మందు ఎక్కించుకుని వస్తున్నారు. ఈ సంగతి అంగడి ముందు కూర్చున్న అందరికీ తెలుసు. పుల్లన్న సారుకూ తెలుసు. అప్పటిదాకా ఆయన చెప్పిన గడ్డ సంగతి అబద్ధమూ కాదు. కానీ గడియారం ముల్లు కదులుతోంది, నోరు దానికంటే ముందు కదిలింది.

"ఆ అరిచేవాని నోరు మూయించే మందు ఈ ఈగలోనే ఉండాది. ప్రొఫెసరు నాకు చూపించినాడు. ఒక్క చుక్క. నాలుక మింద వేస్తే, నీళ్లలో బెల్లం ముక్క వేసినట్ల గడ్డ కరిగిపోతాది. నీ కూతురు పోయిన ఏడాదికే ఆ చుక్క సీసాలో పట్టుకోని ఇంటికొస్తాది."

జిలాని బాషా తువ్వాలు మామిళ్ల మీద పెట్టేశాడు. లేచి వచ్చి బండ దగ్గర నిలబడ్డాడు.

"షమక్కకు పనికొస్తాదా సారూ?"

ఆ గొంతు అక్కడెవరూ ఎన్నడూ వినలేదు. జీవితంలో పుల్లన్న సారు మాటలకు జనం నవ్వారు, కన్ను గీటుకున్నారు, టీ ఇప్పించారు. ఇట్లా ఎదురుగా నిలబడి, చెప్పిందాన్ని చెప్పినట్టు తీసుకుని, ఇంకో ప్రశ్న అడిగిన మనిషి ఒక్కడూ లేడు. కాదనాలనుకున్నాడు. అంటే ఆ పిల్ల సీటు పోతుంది.

"వస్తాది," అన్నాడు నేల చూస్తూ.

"అయితే పోమ్మా," అన్నాడు జిలాని బాషా వెనక్కి తిరిగి. "నొక్కు. ఇప్పుడే నొక్కు. ఏడాదే గదా."

ముబీనా గెలల వెనక నుంచి బయటికి వచ్చింది. ఫోను వెలుగుతూనే ఉంది. ఆమె చేయవలసిందల్లా ఒక వేలు కదిలించడం. మూడు రోజులుగా ఏడ్చింది దానికోసమే. పుల్లన్న సారు ఆమె మొహం చూడలేకపోయాడు, కాళ్ల చెప్పులు మాత్రం కనిపిస్తున్నాయి. అవి వచ్చి తండ్రి ఎదురుగా ఆగాయి.

"ఆ చుక్క లేదు నాయనా."

"ఏమి?"

"సారు చెప్పిన దాంట్లో కన్ను నిజం. ఏడోవాడు నిజం. పిలుపు నిజం. గడ్డ మాట గూడా నిజమే. చుక్క అబద్ధం."

దావీదురాజు పొయ్యి మంట తగ్గించాడు. జిలాని బాషా పుల్లన్న సారు వైపు చూడలేదు, కూతురినే చూస్తున్నాడు. "అయితే ఏడాదికి ఏం తెస్తావు?"

"ఏడాది కాదు. అయిదేండ్లు. ఆరు గూడా కావచ్చు. రోజూ ఈగల కండ్లే చూస్తా. ఆ దారిలో నిలబడినోళ్లలో ఒకడు ఎవరి మాట వింటాడో, అదొక్కటి దొరికితే దొరికినట్లు. దొరక్కపోవచ్చు గూడా. అట్లాంటివి శానామంది వెతికి వెతికి పోగేస్తే, ఎప్పుడో ఎవరో మందు చేసేదానికి పనికొస్తాయి. అత్తకు కాదు. అత్తకు ఆసుపత్రిలో ఇస్తాండేదే మందు."

"ఇదంతా తెల్సి గూడా పోతానంటావు."

"పోతా."

"నువ్వు నోరు మూసుకోనుంటే ఈపాటికి పోయిండేదానివి గదమ్మా. నేను ఒప్పుకోనే ఉంటి."

"నువ్వు మాపటికి ఇంటికి పోతానే అత్తకు చెప్పిండేవాడివి నాయనా," అంది ముబీనా. "అత్త దినాలు లెక్క పెట్టుకుంటా కూర్చోనుండేది."

రెండు నువ్వుగింజంత ఈగలు వచ్చి తువ్వాలు మీదే వాలాయి. జిలాని బాషా తోలలేదు.

"దావీదూ, టైమెంత?"

"అయిదుకు పన్నెండు తక్కువ."

"నొక్కమ్మా," అన్నాడు. "పోయి చూడు. ఏం చూసినావో నువ్వే వచ్చి నాకు చెప్పు. ఈ సారుతో చెప్పియ్యొద్దు."

ముబీనా నొక్కింది. నొక్కి, ఫోను గుండెకు ఆనించుకుని, వెనక్కి తిరిగి గెలల్లో మొహం పెట్టుకుంది. జిలాని బాషా ఒక నీలం పండు తీసి తువ్వాలుతో తుడిచి గోపన్న చేతిలో పెట్టాడు, ఇంకొకటి దావీదురాజుకు. మూడోది చేతిలో పట్టుకుని బండ మీద పుల్లన్న సారు పక్కన కూర్చున్నాడు. ఇవ్వాలా వద్దా అన్నట్టు కాసేపు తిప్పి, ఇచ్చాడు.

"ఇప్పుడు చెప్పు సారూ. ఆ ఆర్నెల్లు నిజంగా నువ్వు చేసిందేమి?"

పుల్లన్న సారు పండును ఒళ్లో పెట్టుకున్నాడు.

"గంజి కాచినా," అన్నాడు.

"గంజినా?"

"ఈగలు తినే గంజి. సీసాలో అడుగున పోస్తారు. ఈగలు దాంట్లోనే తింటాయి, దాంట్లోనే గుడ్లు పెడతాయి. దినమూ అదే పని నాకు. రెండుసార్లు మాడగొట్టినా. ఆ కన్ను సంగతంతా ప్రొఫెసరు సాయంకాలం ఆయన పిల్లోళ్లకు పాఠం చెప్తాంటే గిన్నెలు కడుగుతా విన్నదే. పోయే దినం ఆయన పిలిచి, 'పుల్లన్నా, ఒకసారి చూస్తావా' అని భూతద్దం ముందర కూర్చోబెట్టినాడు. చూస్తి. ఆ దానిమ్మ గింజలు అప్పుడు చూసినవే. ఒక్కసారి."

ఇది విని నవ్వేవాడు అక్కడ లేడు. గెలల వెనక నుంచి ముబీనా కళ్లు తుడుచుకుంటూ వచ్చి, బండకు ఎదురుగా ఒక ఖాళీ ట్రే బోర్లించి దాని మీద కూర్చుంది.

"మా ఎమ్మెస్సీలో మేము కాచిన గంజి రెండుసార్లు బూజు పట్టిపాయె సార్. ఈగలన్నీ చచ్చిపాయె. మీది పట్టలేదా?"

"బూజు మందు ఎప్పుడు వేసినారు?"

"మరిగేటప్పుడే."

"అదే తప్పు!" అన్నాడు పుల్లన్న సారు, వంగిపోయిన నడుము నిటారుగా లేచింది. "మరిగేటప్పుడు వేస్తే ఆవిరైపోతాది పాపా. దించి, వేలు పెట్టి చూస్తే కాలాల గానీ బొబ్బ రాకూడదు, అప్పుడు వెయ్యాల. రాసుకో. ముందు మొక్కజొన్న పిండి చన్నీళ్లల్లో కలుపుకోవాల, ఉండకట్టకుండ. బెల్లం వేరేగా కరిగించి వడగట్టాల, మన బెల్లంలో ఇసుక ఉంటాది. ఆపకుండ కలపాల, అడుగంటిందంటే ఆ వాసనకే ఈగ గుడ్డు పెట్టదు."

ముబీనా పండ్ల సంచీ చింపి, తండ్రి జేబులోని పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టింది.

"ఏ సట్టిలో కాచేవాడివి సారూ?" అన్నాడు గోపన్న, మామిడిపండు రసం మోచేతి దాకా కారుతుండగా. "ఎంత పెద్దది?"

పుల్లన్న సారు ఉత్సాహంగా రెండు చేతులూ చాచాడు. ఒక చెయ్యి దావీదురాజు టీ అంగడి వైపు పోయింది, ఇంకొకటి బొప్పాయిల వైపు. అందరూ చూస్తున్నారు. ముబీనా పెన్ను కాగితం మీద ఆపి, తల ఎత్తి, ఎంత పెద్దదో రాసుకోవడానికి కాచుకుని ఉంది.

ఆయన చేతులు కొంచెం దగ్గరికి వచ్చాయి. ఇంకొంచెం వచ్చాయి. మోకాళ్ల మీదికి దిగి, ఇద్దరికి అన్నం వండుకునే గిన్నెంత అయ్యాక ఆగాయి.

"ఇంతే," అన్నాడు.